విత్తనం గుంత

గుట్టకిందపల్లిలో హనుమంతమ్మ కోపానికి మనుషులే కాదు, ఎదురొచ్చే బర్రెలు కూడా దారి వదిలేవని ఊరివాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆమె చెరువుకట్ట మీద చేతులు ఊపుకుంటూ నడిచిరావడం చూసినవాళ్ళు మాత్రం దాన్ని ఎగతాళి అనుకోలేదు. మంచి పొడగరి. చాలామంది మగవాళ్ళ తలపాగాలు ఆమె చెవి దాకానే వచ్చేవి. ఆ పొడుగు తండ్రి ఉలిగప్పది. కోపం ఆమె సొంత సంపాదన.

పెనుకొండకు నాలుగు కోసుల దూరంలో, రాతిగుట్టల మధ్య ఉండేది ఆ ఊరు. ఊరికి ఒకటే చెరువు. దాని మీద బతికే బెస్తల ఇళ్ళు నాలుగే. ఉలిగప్పకు మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురిని ఓబులదేవరచెరువు వైపు ఇచ్చి పెళ్ళి చేస్తే, మూడో ఏట అల్లుడు జ్వరంతో పోయాడు. హనుమంతమ్మ పుట్టింటికి తిరిగి వచ్చింది. వచ్చిన నెలలోనే తండ్రి ఆమెను చెరువులోకి దింపాడు. ఆడది చెరువులో దిగడమేమిటని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళు లేకపోలేదు.

"అయితే మీరు దిగండి, నేను కట్టమీద కూచుంటా" అందామె. ఎవరూ దిగలేదు.

ఉలిగప్ప నేర్పింది వల విసరడం కాదు. అది ఎవరైనా నేర్చుకుంటారు. ఆయన నేర్పింది చెరువు అడుగును కాలితో చూడడం. "కండ్లతో సూస్తే నీళ్ళే కనపడతాయి మ్మే. కాలితో సూడు" అనేవాడు. తూము దగ్గర గులకరాళ్ళు, వాటి సందుల్లో బొమ్మిడాయిలు. తూర్పు ఒడ్డున తుంగ, దాని వేళ్ళలో పక్కెలు గుడ్లు పెడతాయి. నడిమధ్య సుద్దనేల, అక్కడ ఏదీ నిలవదు. నల్లబురద మొదలైతే ఆలిచిప్పలు అరికాలికి తగులుతాయి. ఇంకొంచెం మెత్తబడితే జాగ్రత్త, ఇంగిలాయి చేప ముల్లు దిగిందంటే మూడు రోజులు మంట. ఇదంతా హనుమంతమ్మకు అరికాళ్ళలో ఉండేది. చీకట్లో మన వంటింట్లో మనం చెంబు వెతుక్కున్నంత సులభంగా ఆమె ఆ చెరువు అడుగున తిరిగేది.

చెరువు లోపలి కొసన, పూర్వమెప్పుడో కట్టకోసం మన్ను తవ్విన చోట ఒక గుంత ఉంది. మిగతా చెరువంతా ఎండి బీటలు తీసినా అందులో మనిషి గొంతు లోతు నీళ్ళు నిలిచేవి. దాన్ని ఊళ్ళో ఇత్తనాల గుంత అనేవారు. ఎండాకాలంలో నీళ్ళు తూము రాయి కిందికి దిగితే, ఊరు ఊరంతా చెరువులో పడి చేపలు పట్టుకునేది. ఆ గుంతలో మాత్రం ఒక్కడూ వల వేసేవాడు కాదు. ఎంత కరువొచ్చినా విత్తనపు శనక్కాయలు వేయించుకుని తినే రైతు ఉంటాడా? ఇదీ అంతే. కొర్రమీనులు, వాలుగలు, మార్పు చేపలు, అన్నీ ఆ గుంతలో తల దాచుకుని, తొలకరి నీళ్ళు రాగానే చెరువంతా పరుచుకుని పిల్లలు పెట్టేవి.

ఆ గుంతకు ఇంకో కట్టుబాటు ఉంది. ఏటా ఎండాకాలంలో బెస్తల పెద్ద అందులో దిగి, ఏమున్నాయో, ఎన్నున్నాయో కాలితో చూసి, వేపమండ కట్టిన గుంజ పాతి వస్తాడు. దిగినప్పటి నుంచి గట్టెక్కేదాకా నోరు విప్పకూడదు. ముఖ్యంగా చేప పేరు పలకకూడదు. పేరు పెట్టి పిలిస్తే అవి వస్తాయట. వచ్చినదాన్ని బెస్తవాడు పట్టకుండా ఉండలేడట. పడితే విత్తనం పోతుంది. మూఢనమ్మకమని చదువుకున్నవాళ్ళు నవ్వుతారు, నవ్వుకోనీ. ఆ నమ్మకం మీద ఒక చెరువు ఎన్ని తరాలు నిండుగా ఉందో వాళ్ళను లెక్కగట్టి చెప్పమనండి చూద్దాం.

ఉలిగప్ప పోయాక గుంజ పాతే పని హనుమంతమ్మకు వచ్చింది. బెస్తల పెద్దగా ఆడమనిషి ఉండడం ఏమిటని మళ్ళీ కొందరు గొణిగారు. ఆమె వాళ్ళవైపు ఒక్క చూపు చూసి గుంజ భుజాన వేసుకుని పోయింది.

పందొమ్మిదివందల యాభైయేడు ఫాల్గుణంలో సర్వే గంగాధరప్ప వచ్చాడు. గుడిబండ వైపు మనిషి, హిందూపురంలో చేపల ఆఫీసులో పని. పెనుకొండలో రైలు దిగి, ఎద్దులబండిలో ఒక ట్రంకుపెట్టె, సీసాలు, తాడుకు కట్టిన సీసపు గుండు, మూతి వెడల్పాటి ఇనుపడబ్బా వేసుకుని దిగాడు. మనిషి మెత్తన, మాట మెత్తన. కాస్త తెలుగు, కాస్త కన్నడం కలిపి అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. మెత్తని మనుషులతోనే ప్రమాదమని హనుమంతమ్మకు అప్పటికింకా తెలియదు.

"సముద్రంలో ఇట్లే చేస్తారక్కా. పడవ మీంచి డబ్బా దించి అడుగు మట్టి తీసి, దాంట్లో ఏ పురుగుండాది, ఏ నత్త ఉండాది, ఏ చేప గుడ్లు పెడ్తాది అని రాసుకుంటారు. నేనూ రెండేండ్లు కాకినాడ పక్క చేసినా. యాడ ఏముండాదో తెలిస్తే గదా దాన్ని కాపాడేది. ఇప్పుడు చెరువులు గూడా చూడమన్యారు" అని చెప్పాడు.

కాపాడేది అన్న ఒక్క మాటకు హనుమంతమ్మ కరిగింది. ఆమె కరగడం ఊరు అదే మొదటిసారి చూడడం.

తీరా చూస్తే ఆయనకు ఈత రాదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, ఈత రానివాడు సముద్రపు అడుగు చూసివచ్చాడట. పడవ మీదినుంచి డబ్బా దించడమే గాని నీళ్ళలో కాలు పెట్టింది లేదు. ఇక్కడ పడవ లేదు. ఇనుపడబ్బా బురదలో కూరుకుపోయి రెండో రోజే పైకి రానంది. చివరికి ఏర్పాటు ఏమిటంటే, ఆయన కట్టమీద గొడుగేసుకుని కూచోవడం, హనుమంతమ్మ చెరువులో నడుస్తూ కాలికింద ఏముందో అరిచి చెప్పడం, ఆయన రాసుకోవడం. పదకొండు రోజులు అలా నడిచింది. పదకొండు రోజులూ ఆయనకు రాగిసంగటి ఆమె ఇంట్లోనే.

ఆయన దగ్గరున్న ఫారాలు సముద్రం కోసం అచ్చువేసినవి. చెరువులకు వేరే అచ్చు కాలేదని అవే ఇచ్చి పంపారు. అందులో ఆటుపోట్లకు ఒక గడి, ఉప్పు శాతానికి ఒక గడి, కెరటాలకు ఒక గడి. పెనుకొండ తాలూకా చెరువులో కెరటాలు! ఆయన ప్రతి వరుసలోనూ వాటికి ఎదురుగా 'నిల్' అని రాసుకుంటూ పోయేవాడు. లేదు, లేదు, లేదు. ఆ పెన్ను ఆ మాటకు బాగా అలవాటు పడిపోయింది.

"తూము కాడ గులకరాయి! బొమ్మిడాయి ఉండాది, రాసుకో!" అని అరిచేది హనుమంతమ్మ. ఆయన రాసేవాడు. "తుంగలో పక్కెలు! ఆలిచిప్పలు జాస్తి!" రాసేవాడు. ఆరు చోట్లు అయ్యాయి. ఏడోది గుంత, పదకొండో రోజు.

ఆమె గుంత అంచు దాకా నడిచింది. ఒకసారి కట్టవైపు చూసి, నోరు మూసుకుని దిగింది. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అడుగున చల్లని బురద, దానిమీద చెయ్యి మందాన కదిలే బతుకు. పిక్కలకు కొర్రమీను వీపు రాసుకుని పోయింది. ఇంకొకటి, ఇంకొకటి. ఆ ఏడు ఎన్నడూ లేనంత నిండుగా ఉంది గుంత. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాయన ఉంటే చూసేవాడని.

కట్టమీద గంగాధరప్ప కాసేపు ఎదురుచూశాడు. "ఏమన్నా ఉండాదా అక్కా?" అని అరిచాడు. జవాబు లేదు. మళ్ళీ అరిచాడు. ఆమె చెయ్యి కూడా ఎత్తలేదు. ఆయన గడియారం చూసుకుని, ఏడో వరుసలో కెరటాలకు, ఉప్పుకు, ఆటుపోట్లకు 'నిల్' రాస్తూ, అదే ఊపులో జీవులు అన్న గడిలో కూడా 'నిల్' అని రాసేశాడు.

ఆమె గట్టెక్కి తడిచీర పిండుకుంటూ వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. ఆ కట్టుబాటు ఏమిటో, ఎందుకు మాట్లాడలేదో, లోపల ఏమేమి ఉన్నాయో, ఏ పక్క ఏ జాతి పడుకుంటుందో, ఒకటొకటిగా చెప్పింది. గంగాధరప్ప నోరు తెరుచుకుని విన్నాడు. ఎంతో గొప్ప విషయమన్నాడు, ఇలాంటిది సముద్రం మీద కూడా వినలేదన్నాడు.

"మరి రాసుకోప్పా."

"రాస్తా అక్కా. ఈ ఫారంలో కొట్టివేతలు ఉండకూడదు. ఉంటే చెల్లదంటారు. వేరే కాగితం మీద వివరంగా రాసి జతచేస్తా. ఆ గుంతకే మొదట రక్షణ, నాది పూచీ."

రైలు వేళయిందని బండెక్కాడు. ఆమె కొర్రమీను పులుసు ముంత కట్టి ఇచ్చింది, దారిలో తినమని. ఆ ముంత మీద ఆమెకు తర్వాత పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఆ వేరే కాగితం హిందూపురం చేరలేదు. అసలు పుట్టలేదు.

మూడేళ్ళు గడిచాయి. అరవైలో, ఎండలు ముదురుతున్నప్పుడు, ఇద్దరు మనుషులు వచ్చి తూము పక్కన రెండు గుంజలు పాతి రేకు బోర్డు కొట్టి పోయారు. పచ్చరంగు రేకు మీద తెల్లటి అక్షరాలు. హనుమంతమ్మకు చదువు రాదు. ఊళ్ళో బడి నడిపే నీలావతి టీచరమ్మను పిలుచుకొచ్చింది. ధర్మవరం నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి ఆమె, మాట తక్కువ, చదివేది స్పష్టంగా చదువుతుంది.

"జలజీవుల రక్షణ కోసం ఈ చెరువులో ఈ కింది చోట్ల ఎండాకాలం మూడు నెలలు చేపలు పట్టకూడదు" అని చదివింది నీలావతి. "తూము దగ్గర రాళ్ళు. తుంగ. నల్లబురద. సుద్దనేల పక్క..."

"ఇచ్చిన మాట నిలబెట్టుకున్యాడు" అంది హనుమంతమ్మ. ముఖం వెలిగిపోయింది. "గుంత సంగతి సెప్పు."

నీలావతి చివరి వరుస లోలోపల ఒకసారి చదువుకుంది. తర్వాత మెల్లగా పైకి చదివింది. "వేట అనుమతించిన చోటు, లోపలి గుంత. ఇక్కడ జీవులు లేవు."

హనుమంతమ్మ ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివింది. మూడోసారి చదవమనలేదు.

ఎండాకాలంలో తూము దగ్గర నీళ్ళుండవు. తుంగ ఎండిపోతుంది. నల్లబురద నెర్రెలిస్తుంది. వద్దన్న ఆరు చోట్లా పట్టడానికి చేప అన్నదే ఉండదు. ఉన్నవన్నీ చేరే చోటు ఒకటే, అక్కడ మాత్రం పట్టుకోవచ్చు. కంచే చేను మేయడం అందరూ విన్నదే. చేను చుట్టూ ఆరు కంచెలు వేసి, గేటు తెరిచి, ఇటు రండని బోర్డు పెట్టిన కంచెను ఎవరైనా విన్నారా? కాపాడడానికి చేసిన సర్వే ఇది. గుట్టకిందపల్లిని పాడుచేయాలని ఎవడైనా పగబట్టి కూచున్నా ఇంత తెలివిగా చేయలేడు.

వారం తిరగకుండా ధర్మవరం నుంచి తిప్పేస్వామి దిగాడు. లారీలో మనుషులు, చెరువు ఈ అంచు నుంచి ఆ అంచుకు పరిచేటంత లాగుడు వల, మంచుగడ్డల పెట్టెలు. చేతిలో లైసెన్సు. హనుమంతమ్మకు కబురు తెలిసి కట్ట మీదికి పరుగెత్తేసరికే మొదటి లాగుడు అయిపోయింది. వేపమండ గుంజను పీకి గట్టున పారేశారు. వలలో కొర్రమీనులు, తొడల లావు వాలుగలు ఒకదానిమీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. ఆమె పేరు పెట్టి ఎన్నడూ పిలవనివన్నీ అక్కడ ఎండలో నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి.

ఆమె నేరుగా పోయి వల తాడు పట్టుకుంది. "వదులు! నీ నోట్లో మన్నుబడ, ఇత్తనం తింటావా? వదుల్రా!"

"ఏమ్మా, మీదమీదకొస్తాండావు?" అన్నాడు తిప్పేస్వామి. దుర్మార్గుడేమీ కాదు, వ్యాపారం తెలిసిన మనిషి. "నేనేమన్నా దొంగతనం చేస్తాండానా? పోయి ఆ బోర్డు చూడు. గవుర్మెంటు రాయించిన బోర్డు. నీ మాట వినల్నా, బోర్డు మాట వినల్నా?"

ఊళ్ళో పెద్దలు కూడా వచ్చారు. బోర్డు చూశారు, తలలు గోక్కున్నారు. కావాలంటే ఇంకో లాగుడు రెండు రోజులాగి వేస్తానని తిప్పేస్వామి ఒప్పుకున్నాడు, అదీ మంచు చాలక. చచ్చిన చేపలను లారీకెత్తి వెళ్ళిపోయాడు. హనుమంతమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారకముందే పెనుకొండ దారి పట్టింది.

హిందూపురం ఆఫీసులో గంగాధరప్ప ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పాపం, మర్యాద ఎప్పుడూ తప్పేవాడు కాదు. "అక్కా, ఎన్ని దినాలాయె! కూచో. కాఫీ తాగుతావా?"

"కాఫీ నీ నెత్తిన పోసుకో. గుంతలో ఏమీ లేవని ఎవుడు రాసినాడు?"

ఆఫీసు ఆఫీసంతా తలలెత్తి చూసింది. గంగాధరప్ప బీరువా తెరిచి, దుమ్ము దులిపి, ఫారం తీశాడు. ఏడో వరుస చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు ఆ చోట ఏమీ చెప్పలేదక్కా..."

"కట్టమీదికొచ్చి సెప్పినా. గంటసేపు సెప్పినా. పులుసు కట్టిచ్చినా. నువ్వు తల ఊపినావు. ఆ తల ఊపకుండా ఉండింటే అప్పుడే నీ పెన్ను పెరుక్కుని రాయించేదాన్ని! కోపిష్టోడైతే కొట్లాడి సాధిస్తాం. నీలాంటోడు అవునవునంటానే గొంతు కోస్తాడు."

"రూలు ప్రకారం ఏ చోట కనుక్కున్నది ఆ చోటే రాయల్ల. గుంతలో నిలబడి చెప్తే గాని..."

"గుంతలో నిలబడి నేను నోరు విప్పను. మా నాయన విప్పలేదు, మా తాత విప్పలేదు. నీ ఫారం కోసరం నేను విప్పేదా?" ఆమె బల్లమీద అరచేత్తో కొట్టింది. సిరాబుడ్డి ఎగిరి పడింది. "చోటులో కనుక్కోవల్ల గదా? సరే, లెయ్. నువ్వే దిగు. నీ కాలితో నువ్వే కనుక్కో."

ఆయన రాననలేదు. అనే ధైర్యం ఉన్న మనిషి కాదు. ఆమె ముందు, ఫారం చంకలో పెట్టుకుని ఆయన వెనక, మధ్యాహ్నం రైలెక్కారు.

మర్నాడు ఉదయం ఊరంతా కట్టమీదికి చేరింది. ఆ వేళకే తిప్పేస్వామి రెండో లాగుడుకు వల విప్పుతున్నాడు. గంగాధరప్ప చొక్కా, చెప్పులు తీసి, పంచె పైకి దోపుకుని గుంత అంచున నిలబడ్డాడు.

హనుమంతమ్మ గట్టునే అన్నీ చెప్పింది. "నా చెయ్యి వదలొద్దు. కాలు ఎత్తి పెట్టొద్దు, జార్చు. ఇంగిలాయి ఉంటే నేను పక్కకు లాగుతా. ఎంత బయమైనా నోరు తెరవొద్దు. తెరిస్తే నీళ్ళు తాగుతావు, నా చేత దెబ్బలు తింటావు."

దిగారు. నీళ్ళు ఆమెకు చంకల దాకా, ఆయనకు గడ్డం దాకా. ఒక అడుగు, బురద చీలమండ దాకా మింగింది. ఇంకో అడుగు, చిప్పల అంచులు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకో అడుగు వేశాడో లేదో, మోకాలి వెనక నున్నగా, బరువుగా ఏదో ఒరుసుకుంది. పాము కాదు. పామంత పొడుగు, పసిబిడ్డ చెయ్యంత లావు, బలం మాత్రం మనిషిని పక్కకు నెట్టేంత. దాని వెనకే ఇంకొకటి. తర్వాత కాలివేళ్ళ మీద మీసాలు తగిలినట్టు ఏదో పాకింది. ఆయన గొంతులో కేక పుట్టింది. అది బయటికి రాకముందే హనుమంతమ్మ అరచెయ్యి ఆయన నోటికి అడ్డం పడింది. అలా నోరు మూసిపట్టుకునే ఆయన్ను గుంత ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిపించింది.

కట్టమీది జనం మెడలు సాచి చూశారు. తిప్పేస్వామి మనుషులు సైతం తాళ్ళు పట్టుకుని అలా నిలబడిపోయారు.

గట్టెక్కాక గంగాధరప్ప గుంతవైపు తిరిగి చూశాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "అక్కా, నేను ఏం రాసినానక్కా..." అన్నాడు. "పదేండ్లాయె ఈ పని చేయబట్టి. ఎప్పుడూ ముట్టుకోలేదు." తడి చేతులతోనే పెన్ను తీసుకున్నాడు. ఏడో వరుసలో 'నిల్' అన్నదాన్ని అడ్డంగా కొట్టేశాడు. పక్కన ఎనిమిది పేర్లు, ఆమె గట్టుమీద నిలబడి చెబుతుంటే రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఈ ఏటికి వేట ఆపమని తిప్పేస్వామికి నోటిమాటగా చెప్పాడు. ఆఫీసరు ఎదురుగా ఉన్నాడు గనుక, తిప్పేస్వామి గొణుక్కుంటూ వల చుట్టుకుని వెళ్ళాడు.

ఆ రోజు హనుమంతమ్మ ఆయన్ను తిట్టలేదు. సంగటి పెట్టింది. పులుసు ముంత మాత్రం కట్టివ్వలేదు.

తొలకరి పడింది. చెరువుకు నీళ్ళొచ్చాయి. ఏటా ఆ రోజుల్లో కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటిపైకి వస్తాయి, కింద తల్లి కాపలా తిరుగుతుంటుంది. కట్టమీద నిలబడితే ఎటు చూసినా ఎర్రగా పూలు చల్లినట్టు ఉండేది. ఆ ఏడు చెరువు చుట్టూ తిరిగితే నాలుగు గుంపులు కనిపించాయి. ఒక్క లాగుడు చేసిన పని అది. హనుమంతమ్మ ఆ నాలుగింటి దగ్గరా నిలబడి చూసి ఇంటికి పోయింది.

కార్తీకంలో గంగాధరప్ప దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నీలావతి చదివింది. కొట్టివేత ఉన్నందున ఫారం చెల్లదని పైనుంచి తిప్పి పంపారట. కొత్తగా సర్వే చేయాలంటే మళ్ళీ మంజూరు కావాలట. అంతవరకు పాత ఫారమే, పాత బోర్డే. తను ఎంతో చెప్పి చూశాడట. తనకు బదిలీ అయిందట, మళ్ళీ కాకినాడకు, సముద్రం సర్వేకి. క్షమించమన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ నీళ్ళలో దిగి కళ్ళారా, కాళ్ళారా చూసినవాడు ఇచ్చిన మాటను, నీటిబొట్టు ముట్టనివాడు ఒక అడ్డగీత చూసి కొట్టిపారేశాడు. అందులో ఉన్నది తప్పు అని కాదు, తప్పు దిద్దడం తప్పట! ఇలాంటి రూలు రాసిన చేతికి ఒకసారి ఇంగిలాయి ముల్లు దిగాలి.

"సముద్రానికి పోయినాడా?" అంది హనుమంతమ్మ. "పాపం సముద్రం."

ఆమె ఆ కార్డు తీసుకుని చింపుతుందనుకుంది నీలావతి. చింపలేదు. కొంగున ముడివేసుకుని, "టీచరమ్మా, ఆ బోర్డులో గుంత మాట యాడుండాది? ఏ వరస?" అని అడిగింది.

"అన్నిటికంటే కింద. చివరి రెండు వరసలు. ఎందుకు?"

"ఊరికే అడిగినా."

మాఘంలో, నీళ్ళు తగ్గుముఖం పట్టాక, మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగానే, హనుమంతమ్మ బండిచక్రాలకు పూసే నల్లటి కీలు డబ్బా పట్టుకుని తూము దగ్గరికి పోయింది. దొంగతనంగా చేయలేదు, చేయాల్సిన అవసరం తనకేముందని ఆమె ఉద్దేశం. కింది రెండు వరుసల మీద పీచుతో కీలు పూసింది. ఒక చేయి కాదు, మూడు చేతులు పూసింది. తెల్లటి అక్షరం ఒక్కటీ మిగల్లేదు. వద్దన్న ఆరు చోట్లూ అలాగే ఉన్నాయి. పట్టుకోవచ్చన్న చోటు లేదు.

తిప్పేస్వామి వైశాఖంలో మళ్ళీ లారీతో వచ్చాడు. బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "ఇది ఎవురో పూసినారు" అన్నాడు.

"ఏమోప్పా" అంది హనుమంతమ్మ. చేతిలో వేపమండ కట్టిన గుంజ ఉంది, అప్పటికే గుంతలో దిగి చీర తడిసి ఉంది. "మాకు సదువు రాదు. గవుర్మెంటు బోర్డు. పట్టుకోవచ్చు అని దాంట్లో ఉంటే సదివి సూపించు, మేమే వల లాగిస్తాం. పోయినేడు నా మాట వద్దు, బోర్డు మాట వినల్ల అన్యావు గదా?"

ఆమె వెనక ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పోయినేడు తలలు గోక్కున్న పెద్దలు కూడా. తిప్పేస్వామి ఇంకోసారి బోర్డు చూశాడు, ఇంకోసారి హనుమంతమ్మను చూశాడు. లారీ వెనక్కి తిప్పించాడు. చెన్నేకొత్తపల్లి రోడ్డెక్కేదాకా ఆ దుమ్ము కనిపించింది.

ఆ తర్వాత కీలు వెలిసినప్పుడల్లా, ఏటా శివరాత్రి దాటాక ఆమె కొత్తగా పూసేది. అరవయ్యెనిమిదిలో జ్వరంతో మంచాన పడిన ఏడు కూడా, నీలావతి భుజం పట్టుకుని వచ్చి పూసి పోయిందని ఊళ్ళో చెబుతారు. ఎర్రటి గుంపులు నాలుగు ఏడయ్యాయి, ఏడు పదిహేనయ్యాయి. పూర్వంలాగా ఎటు చూసినా ఎరుపు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. విత్తనం తింటే తీరేది ఒక్క పూట ఆకలి, నిండాల్సింది ఎన్నో ఏళ్ళ గాదె.

కీలు పూసిన మొదటి ఏడే ఒక పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. ఎవరు ఫిర్యాదు చేశారో ఊహించడం కష్టం కాదు. ఇస్త్రీ మడత నలగని మనిషి, నీళ్ళకు ఇరవై గజాల దూరంలోనే ఆగిపోయాడు. బోర్డు చూసి మండిపడ్డాడు. ప్రభుత్వపు ఆస్తి అన్నాడు, కేసు అన్నాడు, ఎవరు చేశారో చెప్పకపోతే ఊరందరి మీదా పెడతానన్నాడు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

హనుమంతమ్మ ముందుకొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన తల ఎత్తి చూడాల్సి వచ్చింది.

"నేనే కొట్టేసినా."

"ఎంత ధైర్యం నీకు! సర్కారు రాసినదాన్ని కొట్టేస్తావా?"

"తప్పు రాస్తే కొట్టెయ్యరా? మీ గంగాధరప్ప కాగితం మీద కొట్టేసినాడు. కాగితం మీద కొట్టివేత చెల్లదని మీరే తిప్పి పంపినారంట." ఆమె ఆ కీలు పూసిన చెయ్యెత్తి బోర్డువైపు చూపించింది. "ఇది కాగితం కాదు గదప్పా, రేకు."